హోంవర్క్‌ను ఫోన్‌లోంచి బయటికి తీయండి: పాఠశాలలకు బహిరంగ లేఖ

తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌లలోని ప్రైవేటు, ప్రభుత్వ పాఠశాలల యాజమాన్యాలకు, ప్రధానోపాధ్యాయులకు, క్లాస్ టీచర్లకు,

నమస్కారం.

పేరెంట్స్ మీటింగ్ జరిగిన ప్రతిసారీ మీరు తప్పకుండా చెప్పే మాట "పిల్లలకు ఫోన్ ఇవ్వకండి". అదే రోజు సాయంత్రం మీ క్లాస్ వాట్సాప్ గ్రూపులో హోంవర్క్ పడుతుంది. అది చూసి రాయాలంటే పిల్లల చేతికి ఫోన్ ఇవ్వక తప్పదు. ఈ రెండింటికీ పొంతన ఎందుకు కుదరడం లేదో, మీ వైపు ఏం మారిస్తే కుదురుతుందో వివరంగా చెప్పడానికే ఈ లేఖ. మేము తల్లిదండ్రులం. మాలో కొందరం తోటి తల్లిదండ్రుల ఫోన్లలో గూగుల్ ఫ్యామిలీ లింక్, ఐఫోన్ స్క్రీన్ టైమ్ లాంటి, పిల్లల ఫోన్ వాడకానికి హద్దులు పెట్టే ఏర్పాట్లు చేయిస్తుంటాం. ఆ ఏర్పాట్లు చాలా ఇళ్లలో తెగిపోయేది ఒకే చోట, హోంవర్క్ దగ్గర.

నాలుగో తరగతి గ్రూపు ఒకటి అనుకుందాం. ఏడున్నరకు లెక్కల టీచర్ నోట్సు పేజీ ఫొటో తీసి పెడతారు, సగం పేజీ మీద చేతి నీడ. పావుగంటకు తెలుగు టీచర్ రెండు ఫొటోలు. మధ్యలో "ఓకే మేడమ్", "థాంక్యూ మేడమ్", నమస్కారం బొమ్మలు. "ఈవీఎస్ ఏమైనా ఇచ్చారా?" అని ఒకరు అడిగితే "మా బాబు లేదంటున్నాడు" అని ఇంకొకరు. తొమ్మిదింటికి "రేపు అందరూ గ్రీన్ కలర్ డ్రెస్‌లో రావాలి". ఇందులో పిల్లలకు కావలసింది నాలుగు లైన్లే. వాటి కోసం గ్రూపంతా కిందికీ పైకీ జరుపుతూ వెతకాలి.

దొరికాక ఆ ఫొటో చూసి నోట్సులోకి ఎక్కించాలి. అరచేతంత తెర మీద పేజీ మొత్తం పెడితే అక్షరాలు కనబడవు. వేళ్లతో పెద్దది చేసి, అటూ ఇటూ జరుపుకుంటూ చూడాలి. రెండు లైన్లు రాసేలోపు తెర ఆరిపోతుంది, చాలా ఫోన్లలో ఆ గడువు 30 సెకన్లు. మళ్లీ అమ్మ వేలిముద్ర కావాలి. అమ్మ చేతికి చపాతీ పిండి. నాలుగోసారికి విసుగొచ్చి ప్యాటర్న్ చెప్పేస్తుంది, లేదా తెర ఆరే గడువును 10 నిమిషాలకు మార్చేస్తుంది. ఇంట్లో పెట్టుకున్న కట్టుబాటు అక్కడితో సరి.

ఎలాగంటారా? ఫ్యామిలీ లింక్‌లో పిల్లల ఫోన్‌కో ట్యాబ్‌కో పెట్టిన గడువును పెంచాలన్నా, కొత్త యాప్‌కు అనుమతి ఇవ్వాలన్నా మామూలుగా అమ్మానాన్నల ఫోన్ నుంచే చేస్తారు. ఆ ఫోన్ తాళం తెలిసిన పిల్లలు హోంవర్క్ పేరుతో దాన్ని తీసుకుని, అందులోనే ఫ్యామిలీ లింక్ తెరిచి, తమకు తామే బోనస్ టైమ్ ఇచ్చుకోగలరు. ఐఫోన్‌లో స్క్రీన్ టైమ్‌కు వేరే పాస్‌కోడ్ పెట్టుకునే వీలుంది కాబట్టి కొంత నయం. కానీ అది పెట్టకుండా గడువు ఒక్కటే పెడితే, సమయం అయిపోయాక తెర మీద కనిపించే బటన్ నొక్కి పిల్లలే దాటేస్తారు.

పిల్లలకు వేరే ఫోన్ ఉన్న ఇళ్ల సంగతి ఇది. చాలా ఇళ్లలో ఉండేది ఒకటే స్మార్ట్‌ఫోన్, అమ్మదో నాన్నదో. ఆ ఫోన్‌లో ఉండేది పెద్దవాళ్ల అకౌంట్. ఫ్యామిలీ లింక్‌లో పిల్లల అకౌంట్‌కు పెట్టే నియంత్రణలు దాని మీద పనిచేయవు. ఆండ్రాయిడ్‌లో వచ్చే డిజిటల్ వెల్‌బీయింగ్ టైమర్లు ఎవరికి వారు పెట్టుకునేవి, ఫోన్ చేతిలో ఉన్నవాళ్లు ఎవరైనా తీసేయొచ్చు. యాప్ పిన్నింగ్ ఒకటుంది. సెక్యూరిటీ సెట్టింగుల్లో దాన్ని ఆన్ చేసి, బయటికి రావాలంటే పిన్ అడిగేలా పెట్టి, ఒక యాప్‌ను తెర మీద బిగించేయొచ్చు. పాటలకో కథలకో అది బాగా పనికొస్తుంది. వాట్సాప్‌ను బిగిస్తే మాత్రం అమ్మ మాట్లాడుకున్నవన్నీ పిల్లల చేతిలో పెట్టినట్టే. పైగా బిగించిన యాప్‌లోని లింకులు వేరే యాప్‌లను తెరిచే అవకాశం ఉంది.

అసలు చిక్కు ఇక్కడే ఉంది. ఒక యాప్ మొత్తానికి గడువు పెట్టొచ్చు గానీ, యాప్ లోపలి ఒక గ్రూపుకు పెట్టలేం. హోంవర్క్ కోసమని వాట్సాప్‌కు గడువు ఎత్తేస్తే స్టేటస్‌లు, ఛానళ్లు, ఫార్వర్డ్ వీడియోలు అన్నీ ఆ దారినే వస్తాయి. గ్రూపులో పెట్టిన యూట్యూబ్ లింకు తడితే కొన్ని ఫోన్లలో వాట్సాప్ మీదే చిన్న కిటికీలో వీడియో ఆడుతుంది. "గూగుల్‌లో చూసి రాయండి" అన్నారంటే క్రోమ్ తెరవాలి. యూట్యూబ్ యాప్ గడువు అయిపోయినా క్రోమ్‌లో అదే సైటు తెరుచుకుంటుంది, విడిగా ఆపితే తప్ప. వీధి తలుపుకు తాళం వేసి పెరటి తలుపు తీసి పెట్టినట్టుంది మా పని. ఆ పెరటి తలుపు మీరు మూయగలరు, మేము మూయలేం.

ఇక మా విన్నపాలు. అన్నిటికన్నా ముఖ్యమైనది డైరీ. ఐదో తరగతి వరకు హోంవర్క్ కాగితం మీదే ఇవ్వండి. 2020లో కేంద్ర విద్యాశాఖ తెచ్చిన స్కూల్ బ్యాగ్ విధానం ప్రకారం రెండో తరగతి దాకా అసలు హోంవర్కే ఉండకూడదు. మూడు నుంచి ఐదు తరగతులకు వారానికి 2 గంటలు మించకూడదు. ఆరు నుంచి ఎనిమిదికి రోజుకు గంట, ఆపైన రోజుకు 2 గంటలు. మూడో తరగతి దాటిన పిల్లలు ఆఖరి పీరియడ్‌లో చివరి ఏడెనిమిది నిమిషాలిస్తే బోర్డు మీదిది డైరీలో రాసుకోగలరు. బెల్లు కొట్టాక రాయమంటే కుదరదు. బస్సు తప్పిపోతుందన్న హడావుడిలో సగం రాసి పరుగెడతారు, మిగతా సగం కోసం రాత్రి గ్రూపులో వెతుకులాట. డైరీ కొట్టివేత లేకుండా ఉందో లేదో చూసి క్లాస్ టీచర్ చిన్న సంతకం పెడితే ఇంటి దగ్గర అనుమానాలకు తావుండదు.

రోజూ రాయించడం కష్టమైతే శనివారం వచ్చే వారమంతటి పని ఒకే చీటీ మీద అచ్చేసి ఇవ్వండి. అర ఏ4 కాగితం చాలు. 40 మంది ఉన్న సెక్షన్‌కు వారానికి 20 కాగితాలు. పాఠం అనుకున్నంత జరగకపోతే? ఆ రోజు పనికి టీచర్ అడ్డగీత కొట్టిస్తారు, అంతే. చీటీ నోట్సు అట్టకు లోపల అంటించుకుంటే పోయే భయం ఉండదు.

గ్రూపులో కూడా పెట్టాల్సిందే అనుకుంటే పెట్టండి, కాకపోతే ఇలా: సబ్జెక్టుకొక ఫొటో వద్దు, అన్ని సబ్జెక్టులూ కలిపి టైపు చేసిన ఒకే మెసేజ్, సాయంత్రం 5 లోపు. ఉదాహరణకు:

4-బి, మంగళవారం.
తెలుగు: 52వ పేజీ, "ఇవి చేయండి"లో 2, 3 ప్రశ్నలు.
లెక్కలు: 71వ పేజీ, 4 నుంచి 8 వరకు.
ఇంగ్లిష్: 38వ పేజీ కింద ఉన్న 10 మాటలు, రేపు డిక్టేషన్.
ఈవీఎస్: లేదు.
రేపు తేవాల్సినవి: స్కేలు, ఏదైనా ఒక చెట్టు ఆకు.

ఇందులో పేజీ నంబర్లున్నాయి కాబట్టి పిల్లలు పుస్తకం తెరిస్తే చాలు, ఫోన్ అక్కర్లేదు. అమ్మ ఒకసారి చదివి చెబుతుంది, లేదా పాత క్యాలెండర్ వెనక రాసి గోడకు తగిలిస్తుంది. "ఈవీఎస్: లేదు" అన్నది వ్యర్థంగా కనబడొచ్చు. ఆ ఒక్క మాట రాయకపోతేనే గ్రూపులో ఇరవై ప్రశ్నలు పడతాయి. తెలుగులో టైపు చేయడం కష్టమనిపిస్తే గూగుల్ కీబోర్డు జీబోర్డ్‌లో తెలుగు ఎంచుకుని మైకు నొక్కి చెప్పండి, అంకెలు మాత్రం ఒకసారి సరిచూసుకోండి. గ్రూపు సెట్టింగుల్లో అడ్మిన్లు మాత్రమే మెసేజ్‌లు పంపేలా మార్చేస్తే ఓకేలు, థాంక్యూలు ఉండవు. సందేహాలకు వేరే గ్రూపో, సాయంత్రం గంటసేపు పనిచేసే బడి నంబరో ఇవ్వండి. రాత్రి పదింటికి "రేపు యూనిట్ టెస్ట్ ఏ పాఠం?" అని టీచర్‌కు పర్సనల్‌గా మెసేజ్ పెట్టే తల్లిదండ్రులకు ఆ సౌకర్యం తీసేయండి, మేము సమర్థిస్తాం.

డిక్టేషన్, పద్యం, ఎక్కాలు లాంటివాటికి రెండు నిమిషాల వాయిస్ మెసేజ్ మంచి పద్ధతి. ఫోన్‌ను కాస్త దూరంగా పెట్టి వింటూ రాసుకోవచ్చు, తెర చూడాల్సిన పని ఉండదు. దీన్ని ఎందుకో బడులు పెద్దగా వాడవు.

ఎస్సెమ్మెస్ పద్ధతికి తిరిగి వెళ్లండని మేము అడగడం లేదు. బల్క్ ఎస్సెమ్మెస్ పంపాలంటే పంపేవారి పేరు, మెసేజ్ నమూనా ముందే నమోదు చేయించాలి. పైగా ఇంగ్లిష్‌లో 160 అక్షరాలు పట్టే ఎస్సెమ్మెస్‌లో తెలుగు 70 అక్షరాలే పడుతుంది. బడులు వాట్సాప్‌కు ఎందుకు మళ్లాయో అర్థం చేసుకోగలం. బడి మానేసిన పిల్లవాడి గురించో, బస్సు ఆలస్యం గురించో ఎస్సెమ్మెస్ చాలు.

వీడియో లింకుల గురించి కొంచెం గట్టిగానే చెప్పాలి. ఐదో తరగతి లోపు పిల్లలకు వీడియో చూడటాన్ని హోంవర్క్‌గా ఇవ్వకండి. రోజుకు 20 నిమిషాల వీడియో ఆరు రోజులిస్తే 120 నిమిషాలు. మూడు నుంచి ఐదు తరగతులకు వారం మొత్తానికి అనుమతించిన హోంవర్క్ అంతే. ఒక్క అక్షరం రాయకుండానే ఆ కోటా అయిపోయింది. అదీగాక వీడియో 20 నిమిషాలకు ఆగదు. ఆటోప్లే ఆన్‌లో ఉంటే తర్వాతిది దానంతటదే మొదలవుతుంది, పక్కన సిఫారసులు, కింద షార్ట్స్. లాక్కుంటే ఏడుపు, "మేడమ్ చూడమన్నారు" అని సమాధానం. ఆ మాటకు మా దగ్గర జవాబు లేదు.

చూపించాల్సిన వీడియో అయితే బడిలోనే చూపించండి. చాలా బడుల్లో ఇప్పుడు డిజిటల్ ప్యానెళ్లున్నాయి. పెద్ద తరగతులకు ఇంటికి ఇవ్వక తప్పనప్పుడు లింకుతో పాటు "3వ నిమిషం నుంచి 8వ నిమిషం వరకు చూడండి, ఈ రెండు ప్రశ్నలకు జవాబు రాయండి" అని చెప్పండి. పాఠ్యపుస్తకాల్లో క్యూఆర్ కోడ్ ఉన్న పాఠాలకు కేంద్ర ప్రభుత్వ దీక్షా యాప్ వాడమనండి. అందులో పాఠాన్ని ముందే డౌన్‌లోడ్ చేసుకుని, డేటా ఆపేసి చూడొచ్చు. అన్నిటికన్నా తేలికైనది టీవీ. కరోనా కాలంలో 2020 సెప్టెంబరు 1న తెలంగాణలో డిజిటల్ పాఠాలు మొదలైనప్పుడు దూరదర్శన్ యాదగిరిలో, రాష్ట్ర ప్రభుత్వ విద్యా ఛానల్ టీశాట్‌లో ప్రసారం చేశారు. టీవీ పాఠానికి ఒక సుగుణం ఉంది: అయిపోతే అయిపోయినట్టే. తర్వాత ఏం రావాలో పిల్లల వేలు నిర్ణయించదు.

లింకుల విషయంలో మాకు మరో చిన్న సాయం కావాలి. ఫ్యామిలీ లింక్‌లో క్రోమ్ కింద "అనుమతించిన సైట్లు మాత్రమే" అనే ఏర్పాటు ఉంది. చిన్నపిల్లలకు ఇంతకన్నా గట్టి కంచె లేదు. కానీ బడి రోజుకో కొత్త సైటు ఇస్తుంటే రోజూ అనుమతులు ఇవ్వలేక తల్లిదండ్రులు ఆ ఏర్పాటునే తీసేస్తారు. కాబట్టి జూన్‌లోనే ఆ ఏడాది వాడే సైట్ల జాబితా ఇవ్వండి, ఒకసారి ఎక్కించేసుకుంటాం. లింకులను కుదించి పంపకండి. కుదించిన లింకు ముందు వేరే సైటుకు వెళ్లి అక్కడి నుంచి అసలు చోటికి మళ్లుతుంది. మా జాబితాలో అసలు సైటు ఉన్నా, మధ్యలోది లేదు కాబట్టి అక్కడే ఆగిపోతుంది. పిల్లవాడు "రావట్లేదు" అంటాడు, ఇంట్లో వాళ్లకు కారణం తెలియదు, కంచె మొత్తం పీకేస్తారు. మా దగ్గరికి సాయానికి వచ్చేవాళ్లలో చాలామంది చెప్పేది ఇదే.

బడి తరఫున పిల్లలకు గూగుల్ ఈమెయిల్ ఐడీలు ఇస్తున్నట్లయితే, మీ అడ్మిన్ కన్సోల్‌లో వాళ్లను 18 ఏళ్ల లోపువారిగా గుర్తించారో లేదో ఒకసారి చూడమని మీ కంప్యూటర్ సార్‌కు చెప్పండి. పెద్దవాళ్లుగా గుర్తిస్తే యూట్యూబ్ లాంటి వాటిపై పిల్లలకు ఉండాల్సిన పరిమితులు ఆ ఐడీకి వర్తించవు.

హోంవర్క్ చేశాక ఫొటో తీసి పెట్టమనడం, పద్యం చదువుతున్న వీడియో పంపమనడం మానండి. మర్నాడు నోట్సు మీ ముందుకే వస్తుంది కదా. ఒక నిమిషం పద్యం వీడియో బాగా వచ్చేదాకా ఐదారుసార్లు తీస్తారు, తీసినవన్నీ పిల్లవాడు మళ్లీ చూసుకుంటాడు. బతుకమ్మకో సంక్రాంతికో ముస్తాబు చేసి రీల్ పెట్టించి, ఎక్కువ లైకులు వచ్చిన వారికి బహుమతి అంటున్న బడులున్నాయి. ఇన్‌స్టాగ్రామ్ కనీస వయసు 13. ఎనిమిదేళ్ల పాపకు లైకులు లెక్కపెట్టడం బడి నేర్పాల్సిన విద్య అనుకోం. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 18 ఏళ్ల లోపు అందరినీ పిల్లలుగానే చూస్తుంది, వారి సమాచారం వాడాలంటే తల్లిదండ్రుల అనుమతి తీసుకోవాలంటుంది. చట్టం సంగతి పక్కన పెట్టినా, గ్రూపులో పడ్డ ఫొటో ఎవరి ఫోన్లో ఎన్నాళ్లుంటుందో ఎవరికీ తెలియదు.

హోంవర్క్ యాప్ కొనే ముందు అమ్మేవాళ్లను అడగండి: అసైన్‌మెంట్ ప్రింటు తీసుకోవచ్చా? రాత్రి 7 తర్వాత నోటిఫికేషన్లు ఆపొచ్చా? నాణేలు, ర్యాంకు పట్టికలు, "వరసగా 30 రోజులు లాగిన్" లాంటివి బడి స్థాయిలో తీసేయొచ్చా? రోజూ లాగిన్ అయితేనే ర్యాంకు నిలుస్తుందన్న యాప్ ఇంట్లో ఉంటే, ఆదివారం ఊరెళ్లినా పిల్లలు తాతయ్య ఫోన్ అడుగుతారు.

ప్రాజెక్టులకు వారం గడువివ్వండి. చేత్తో గీసిన బొమ్మకు, నెట్‌లోంచి తీసిన రంగుల ప్రింటుకు ఒకే మార్కులని ముందే చెప్పండి.

ఇంకొకటి. గ్రూపులో మాత్రమే చెప్పిన విషయానికి పిల్లలను నిలబెట్టకండి, మార్కులు తీయకండి. ఒక్కసారి అలా నిలబడ్డ పిల్లలు తర్వాత ప్రతి సాయంత్రం పదిసార్లు "గ్రూపులో ఏమైనా వచ్చిందేమో చూడమ్మా" అంటారు. ఆ భయంతో ఫోన్ వాళ్లకే ఇచ్చేస్తారు పెద్దవాళ్లు.

టీచర్లను తప్పుపట్టడం మా ఉద్దేశం కాదు. ప్రైవేటు బడిలో ఐదింటికి బయటపడ్డ టీచర్ ఇంటికెళ్లాక ఫొటోలు అప్‌లోడ్ చేయాలంటే ఆమె ఇంట్లోనూ పిల్లలు ఫోన్ కోసం చూస్తూనే ఉంటారు. డైరీ బడి వేళల్లోనే ముగియాలన్నది ఆమెకూ కావలసిందే. పీఈటీ పీరియడ్‌ను లెక్కలకు ఇచ్చేయడం కూడా ఆపగలిగితే మంచిది. పగటి వెలుగులో ఆరుబయట గడిపే సమయం పిల్లల్లో దగ్గరచూపు దోషం మొదలవకుండా కొంత కాపాడుతుంది. సాయంత్రం ట్యూషన్‌కు వెళ్లే పిల్లలకు ఆ వెలుగు దొరికేది బడిలోనే.

ఇక ఇళ్లలో చేయాల్సింది తల్లిదండ్రులందరికీ మేము చెబుతాం. రెండేళ్ల లోపు పిల్లలకు బంధువులతో వీడియో కాల్ తప్ప తెర వద్దని, రెండు నుంచి ఐదేళ్ల వారికి రోజుకు గంట మించొద్దని, ఐదు నుంచి పదేళ్ల వారికి 2 గంటల లోపేనని భారత పిల్లల వైద్యుల సంఘం మార్గదర్శకాలు చెబుతున్నాయి. బడి పని తెర కూడా ఆ రెండు గంటల్లోకే వస్తుంది. అమ్మ ఫోన్ తాళం పిల్లలకు తెలిసి ఉంటే ఈ రాత్రే మార్చాలి, పిల్లల వేలిముద్ర నమోదై ఉంటే తీసేయాలి. ఫోన్లన్నీ రాత్రి హాల్లో ఒకే చోట చార్జింగ్‌కు పెట్టాలి, పడకగదిలోకి వద్దు. యూట్యూబ్ సెట్టింగుల్లో ఆటోప్లే ఆపాలి. ఆటకు 30 నిమిషాలని గడువు పెట్టి, ఒక్కో ఆట 20 నిమిషాలు పట్టేదైతే రెండోది సగంలో తెగుతుంది, గొడవ అక్కడే పుడుతుంది. గడువును ఆటల లెక్కకు సరిపోయేలా 20కో 40కో పెట్టాలి. గ్రూపును సాయంత్రం ఒకసారి పెద్దవాళ్లే చూసి, పని పిల్లలకు నోటితో చెప్పాలి. ఇవన్నీ నిలబడాలంటే హోంవర్క్ కోసం పిల్లలు ఫోన్ ముట్టుకోవాల్సిన అవసరం లేకపోవాలి.

అన్నీ ఒకేసారి మార్చమని అడగడం లేదు. బడులు తెరిచాక మూడు నుంచి ఐదు తరగతుల్లో ఒక్కో సెక్షన్ ఎంచుకుని నాలుగు వారాలు వారపు చీటీ పద్ధతి పెట్టి చూడండి. ఆ నెల గ్రూపులో హోంవర్క్ అసలు పెట్టకండి. నెలాఖరున రెండు సంగతులు చూస్తే చాలు: పని చేయకుండా వచ్చిన పిల్లలు పక్క సెక్షన్‌తో పోలిస్తే పెరిగారా తగ్గారా, సాయంత్రం 6 తర్వాత టీచర్‌కు వచ్చిన ఫోన్లు, మెసేజ్‌లు ఎన్ని. కాగితం ఖర్చు అడ్డమైతే ఆ సెక్షన్ తల్లిదండ్రులే ఇస్తారు. చీటీ నమూనా, గ్రూపు సెట్టింగులు మార్చే పద్ధతి, సైట్ల జాబితా పట్టిక తయారుచేసి మొదటి పేరెంట్స్ మీటింగ్‌కు మేమే తెస్తాం. మీటింగ్‌లో ఒక పది నిమిషాలు ఇవ్వండి.

ఇట్లు,
మీ బడుల్లో చదివే పిల్లల తల్లిదండ్రులం